పిలవకుండా వచ్చిన తుపాను

అక్టోబరు 19

ఉదయం గేటు దగ్గర మళ్లీ టూరిస్టులు. "ఆంటీ, ఇది హోమ్‌స్టేనా?" అని ఒకడు, "వాష్‌రూమ్ ఉంటుందా?" అని ఇంకొకతె. జీవితమంతా డిగ్రీ కళాశాలలో భూగోళశాస్త్రం బోధించిన మనిషిని ఈ వయసులో మరుగుదొడ్డి యజమానురాలిగా గుర్తిస్తున్నారు. సమాధానం చెప్పకుండా లోపలికి వచ్చేశాను.

ఇంట్లో ఉన్నప్పుడు కూడా గేటుకు బయటివైపు తాళం వేసుకోవడం పది నెలలుగా నా పద్ధతి. కమ్మీల మధ్య నుంచి చేయి పోనిస్తే సులువుగా పడుతుంది. తాళం చూసినవాడు తిరిగి పోతాడు. అరకు కొండల్లో ఒంటరిగా, ఎవరి మీదా ఆధారపడకుండా బతకదలచిన స్త్రీకి ఇంతకంటే చవకైన కాపలా లేదు.

తర్వాత సచివాలయం అమ్మాయి సరళ వచ్చింది. బొబ్బిలి వైపు పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. గేటు బయట నిలబడి ఫోన్ చేసింది గనుక ఆమె వచ్చినట్టు నాకు తెలిసింది.

"మేడంగారూ, తుపాను వొచ్చీలా ఉందటండి. పైనుంచి మెసేజీ వొచ్చింది, అంతా ఇంగ్లీషు. జనాలకి ఎలగ సెప్పాలో తెలీడం నేదు. మీరు జాగ్రఫీ కదండి."

జాగ్రఫీ అనకూడదని చెప్పి, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. మెసేజీ చదివాను. బంగాళాఖాతంలో అల్పపీడనం. సముద్రానికి దూరంగా, ఇంత ఎత్తున ఉన్నామని ఇక్కడివారికి ధీమా. హుద్‌హుద్ తుపాను నాడు ఇదే కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ మొక్కల మీద గడ్డిపోచల్లా పడుకున్న సంగతి అందరికీ గుర్తుంది. అయినా ధీమా పోలేదు. హెచ్చరిక రచన నేను చేస్తానని మాట ఇచ్చాను. ఈ ఊళ్లో ఆ పని చేయగల మనిషి వేరే లేదు. ఇది గర్వంతో రాయడం లేదు, పరిశీలనతో రాస్తున్నాను.

సరళ వెళ్తూ, గెడ్డ ఒడ్డున, అంటే వాగు ఒడ్డున, ఉన్న ఇంటికి ప్రమాదం ఎక్కువ కదా అని అడిగింది. అది కృపావతి ఇల్లు. మా ఇంటికి దిగువన, కల్వర్టు దాటితే వస్తుంది. బడిలో మధ్యాహ్నం భోజనం వండేది ఆవిడే, మహిళా సంఘానికి లీడరూ ఆవిడే. మాకు మాటలు లేవు. ఎందుకు లేవో రాయవలసినంత విషయం కాదు.

ఫిబ్రవరి మొదట్లో ఆవిడ కూతురు తేజస్వి పెళ్లి జరిగింది. నాకు వాట్సాప్‌లో కార్డు వచ్చింది. కార్డు మీద గులాబీలు కదులుతున్నాయి. అంతే. పన్నెండేళ్లు నన్ను "అక్కా" అని పిలిచిన మనిషి, మా ఇంటి గుమ్మం తొక్కి, చేయి పట్టుకుని, "రా" అని ఒక మాట అనలేకపోయింది. నేను ఆచారాలను పట్టించుకునే మనిషిని కాను. అయినా కదిలే గులాబీలను చూసి చీర మార్చుకుని బయలుదేరడం నా చేత కాలేదు.

బీరువాలో ఎర్ర అంచు పొందూరు చీర ఉంది. అది ఆ పెళ్లి కోసం కొన్నదని ఎవరైనా అనుకోవచ్చు. ఊరికే కొన్నాను.

అక్టోబరు 20

అల్పపీడనం వాయుగుండమైంది. కృపావతి గెడ్డ ఒడ్డున దుప్పట్లు ఆరవేసింది. నేను చూడలేదు, కనిపించింది.

అక్టోబరు 21

నేటి నా ప్రసంగాన్ని చరిత్ర కోసం ఇక్కడ పొందుపరుస్తున్నాను.

"గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. నైరుతి బంగాళాఖాతంలో ఏర్పడి, సముద్ర ఉపరితలపు ఉష్ణోగ్రత చేత పోషింపబడి, క్రమేణా వాయవ్య దిశగా పయనిస్తూ, తీవ్ర వాయుగుండంగా రూపాంతరం చెందిన వాతావరణ వ్యవస్థ, తీరాన్ని దాటిన పిమ్మట తూర్పు కనుమల వాలులను తాకి, అతి భారీ వర్షాలకు, గంటకు ఎనభై కిలోమీటర్లకు మించిన ఈదురుగాలులకు, తత్ఫలితంగా కొండచరియల పతనానికి కారణం కాగల అవకాశం మెండుగా ఉన్నది కావున..."

ఇంకా ఉంది. మైకు కట్టిన ఆటోలో కూర్చుని చదివాను. నాలుగు వీధుల కూడలిలో జనం పోగయ్యారు. కొందరు చాపలు తెచ్చుకున్నారు. ముసలివాళ్లు చుట్టలు ముట్టించారు. పిల్లలు కదలకుండా విన్నారు. కాలేజీలో కూడా నాకు ఇంత శ్రద్ధ గల తరగతి దొరకలేదు. ముగించగానే ఊరిపెద్ద అయిన నాయుడు సోంబరు లేచి నిలబడి దండం పెట్టాడు.

"ఎంత బాగా సదివినారు, మేడంగారూ! రేపు మళ్లీ ఉంటాదా?"

"సోంబరూ, ఇది కాలక్షేపం కాదు. ప్రమాద హెచ్చరిక."

"అదే, హెచ్చరికే. ఆ మధ్యలో 'పిమ్మట' అన్నారు సూడండి, అక్కడ నాకు ఒళ్లు జలదరించినాది."

కొండను కోసి, ఆ కోత కింద కట్టుకున్న ఇళ్లవారు తప్పక ఖాళీ చేయాలని కూడా చదివాను. వెనకనుంచి ఎవరో "మేడంగారి వంటిల్లు కూడా అలగే ఉంటాది కదేటి?" అన్నారు. ఆ గొంతు కృపావతిదని నేను ప్రమాణం చేయను. మా వంటింటి వెనక కొండను కోయించిన మాట నిజమే. అయితే దానికి రాతిగోడ ఉంది. ఆ గోడను నేను దగ్గరుండి కట్టించాను. ప్రమాదం శాస్త్రం తెలియనివారి కోతలకు గాని, శాస్త్రీయమైన కోతలకు కాదు.

అక్టోబరు 22

ఇప్పుడు అది తుపాను. ఏదో దేశంవారు దానికేదో పేరు పెట్టారు. ఆ పేరు ఈ డైరీలో రాయను. పిలవకుండా వచ్చేవారి పేరుతో నాకు పని లేదు.

ఎల్లుండి మధ్యాహ్నానికి మన మీదికి వస్తుందట. బడిని సిద్ధం చేశారు. బియ్యం వచ్చింది, పప్పు వచ్చింది, జనరేటరు కూడా వచ్చింది. జనం రాలేదు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. సరళ ఏడుపు ముఖంతో నా గేటు బయట నిలబడి ఫోన్ చేసింది. నా భాష కష్టమైందేమో, సులువుగా మళ్లీ చెబుదామంది. ఆ అభిప్రాయాన్ని నేను ఖండించాను. అయినా ఇద్దరం కలిసి సోంబరు ఇంటికి వెళ్లాం. అతను అరుగు మీద కూర్చుని కందికాయ ఒలుస్తున్నాడు.

"సోంబరూ, తుపాను వస్తుందని నీకు అర్థమైందా?"

"ఎందుకవదు? టీవీలో సూసినాను. ఎల్లుండి మద్దేనం. పెద్ద గాలి. కొండ జారతాది."

"మరి బడికి ఎందుకు వెళ్లలేదు?"

అతను కందికాయ పక్కన పెట్టాడు. నా ముఖంలోకి కాకుండా నా చెప్పుల వైపు చూశాడు.

"ఎవులు పిలిసినారు?"

"మైకులో చెప్పాను కదా!"

"మైకు ఊరికి సెప్తాది. ఇంటికి సెప్పదు. అక్కడేమో అన్నాలొండుతున్నారు. పిలవని కాడికి పెళ్లాం పిల్లల్నేసుకుని పోయి ఇస్తరేసుకుని కూకుంటే, రేపు పైవీధోళ్లు ఏటంటారు? సోంబరునాయుడు తిండికి పోనాడంటారు."

"ప్రాణం మీదికి వస్తుంటే మర్యాద ఏమిటి?"

"పైవీధోళ్లకి మర్యాద సేసినారు కదా! జీపులో వొచ్చి, పేరెట్టి పిలిసినారు. మాకు ఆటో, మైకు."

బడికి దారి తెలియక జీపు ముందు పైవీధిలో ఆగినందువల్ల ఇలా జరిగిందని సరళ వివరించబోయింది. అతను వినలేదు.

నాకు సహనం నశించింది. "అయితే ఏం, పెళ్లికి పిలిచినట్టు ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి పిలవమంటావా?" అన్నాను.

సోంబరు ముఖం విప్పారింది. "మరేటి! అలగ పిలిస్తే ఎందుకు రారు? మగోళ్లకి బొట్టొద్దులెండి, తలో చుట్టా ఇచ్చీండి."

ఇరవై ఒకటో శతాబ్దంలో, ఉపగ్రహాలు మేఘాలను ఫొటోలు తీస్తున్న కాలంలో, మనుషులు ప్రాణం కాపాడుకోవడానికి కూడా పిలుపు కోసం ఎదురు చూస్తారా! మూఢత్వానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి. ఒక మనిషి పిలవలేదన్న చిన్న కారణానికి ఇంట్లో బిగదీసుకుని కూర్చోవడం ఎంత బాల్యచేష్టో, చదువుకున్నవారికే తెలుస్తుంది.

ఈ వాక్యం బాగా వచ్చింది.

అక్టోబరు 23

కాళ్లు పీకుతున్నాయి. అయినా రాయాలి.

పొద్దున్నే వరహాలరావు కొట్టుకు వెళ్లాం. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వ్యాపారి. కుంకుమ పొట్లాలు, చుట్టల కట్టలు అడిగితే, "తుపాన్లో కుంకుమెందుకండీ?" అన్నాడు. విషయం విన్నాక లోపలికి వెళ్లి, ఒకటి రెండు పొట్లాలు మినహా ఉన్న సరుకంతా తెచ్చాడు. తీరా మేం వెళ్లబోతుంటే కౌంటరు ఇవతలకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మరి మమ్మల్ని పిలవరేటండీ? మావూ ఈ ఊరోళ్లమే కదండీ."

అతని చేతిలోంచి కొన్న చుట్టనే తిరిగి అతని చేతిలో పెట్టి, సకుటుంబంగా రమ్మని పిలిచాను. "తప్పకుండానండి. శుభలేఖ వేయించనేదేటండీ?" అన్నాడు. అది హాస్యమో కాదో అతని ముఖం చూసి చెప్పలేం.

పని విభజించుకున్నాం. బొట్టు సరళ పెడుతుంది, పిలుపు నాది. ఇందుకు కారణం నాకు తెలుసు, సరళకు తెలుసు, మాట్లాడుకోలేదు. మా ఆయన పోయాక నా చేత బొట్టు పెట్టించుకునేవారు లేరు, నాకు బొట్టు పెట్టి పిలిచేవారు అసలు లేరు. గేటు అవతల నిలబడి, "మీరూ రండి" అంటారు. దాన్ని పిలుపు అనలేం. సమాచారం అనవచ్చు. ఈ విషయం నన్ను ఎన్నడూ బాధించలేదు.

మొదటి ఇంట్లో నేను వాయవ్య దిశ అనగానే సరళ నా మోచేయి గిల్లింది. రెండో ఇంటి నుంచి పద్ధతి మార్చాను. "రేపు పొద్దున్న మా బడికి రావాలి. అందరూ రావాలి. భోజనాలు అక్కడే. దుప్పట్లు, మందులు, ఆధార్ కార్డులు, టార్చిలైటు మరిచిపోకుండా తెచ్చుకోవాలి. మేకలను విప్పి వదలాలి." ఇంత పేద వాక్యాలు నా జీవితంలో పలకలేదు. కాని ప్రతి గుమ్మంలోనూ ముఖాలు వెలిగాయి. కూర్చోమన్నారు, నీళ్లిచ్చారు. ఒక ముసలామె సరళ చేత బొట్టు పెట్టించుకుని, కొత్త చీర కట్టుకోవాలా, పాతది చాలా అని అడిగింది. తడిసినా ఫరవాలేనిది కట్టుకోమన్నాను. "ఎన్ని రోజులు సంబరం?" అంది. రెండు రోజులన్నాను. "పెద్ద పెళ్లే" అంది.

మధ్యాహ్నానికి చినుకులు మొదలయ్యాయి. సాయంత్రానికి ఊరు ఊరంతా మూటలు కట్టుకుంది. సోంబరు చొక్కాకు ఇస్త్రీ పెట్టించుకున్నాడు.

ఆఖరున కల్వర్టు దగ్గర సరళ ఆగింది. దిగువన కృపావతి ఇంట్లో దీపం కనిపిస్తోంది. తేజస్వికి నెలలు నిండబోతున్నాయట, తుపాను అని ముందుగానే అరకు ఆసుపత్రికి చేర్చారట. ఇప్పుడు ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. గెడ్డ అప్పటికే ఎర్రగా పారుతోంది.

"ఇది ఆఖరిల్లండి. దిగుదామా?"

"నువ్వు వెళ్లు. చీకటి పడుతోంది. ఈ ఇంటి సంగతి నేను చూసుకుంటాను," అన్నాను.

సరళ వెళ్లిపోయింది. నేను కల్వర్టు మీద కొంతసేపు నిలబడ్డాను. మోకాలు నొప్పిగా ఉంది. పల్లం దిగితే మళ్లీ ఎక్కాలి. పైగా బడిలో వంట చేసేది ఆవిడే, వండేవాళ్లను ఎవరైనా ప్రత్యేకంగా పిలుస్తారా? పొద్దున్న తనంతట తనే వెళ్తుంది. ఇంటికి వచ్చి గేటుకు తాళం వేసుకున్నాను.

నన్ను ఎవరూ పిలవలేదు. పిలవవలసిన అవసరం లేదు. పిలిచేదాన్ని నేనే కదా.

అక్టోబరు 24, ఉదయం

గాలి మొదలైంది. ఊరంతా బడికి వెళ్లింది. కిటికీలోంచి చూశాను. ముందు సోంబరు, వెనక ఆడవాళ్లు, ఆ వెనక వరహాలరావు నెత్తిన టీవీ పెట్టుకుని. మా గేటు ముందు నుంచే వెళ్లారు. సోంబరు గేటు వైపు చూసి, "మేడంగారు బేగే ఎల్లిపోయినట్టున్నారు, తాళమేసుంది" అన్నాడు. నేను తలుపు తీసి ఇంట్లోనే ఉన్నానని చెప్పవచ్చు. చెప్పడానికి అదేమీ ప్రశ్న కాదు.

నేను ఇంట్లో ఉండిపోవడానికి కారణాలు. ఒకటి, నా రాతిగోడ. రెండు, ఎవరో ఒకరు వర్షపాతం కొలవాలి, నా వర్షమాపకం పెరట్లోనే ఉంది. మూడు

మూడోది తర్వాత రాస్తాను.

అదే రోజు, కొంచెం తర్వాత

కృపావతి వెళ్లడం కనిపించలేదు. బహుశా నేను చూడనప్పుడు వెళ్లి ఉంటుంది. నేను చూడని సమయం లేదు.

అదే రోజు

సరళ ఫోన్. గాలి హోరులో సగమే వినిపించింది. "...కృపావతమ్మగారు రానేదండి... ఫోన్ సేస్తే, ఫోన్లో పిలిస్తే వొత్తారేటి అని పెట్టీసినారు... మీరు పిలుస్తానన్నారు కదండీ... మీరెక్కడున్నారండీ..."

సిగ్నల్ పోయింది. పోవడానికి ముందు సమాధానం చెప్పేంత వ్యవధి ఉండిన మాట వాస్తవం.

వర్షమాపకం చూడడానికి పెరట్లోకి వెళ్తున్నాను.

మూడో తరగతి గది, సాయంత్రం

రెండు దుప్పట్లు కప్పుకున్నాను. చలి వల్ల. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వర్షమాపకం చూద్దామని బయలుదేరాను. గాలికి అది ఎగిరి గెడ్డ వైపు పోయి ఉండవచ్చునని తోచింది. అందుచేత గేటు దాటి గెడ్డ వైపు నడిచాను. చేతిలో కుంకుమ బరిణె ఉండడం యాదృచ్ఛికం. చంకలో ప్లాస్టిక్ సంచి కూడా ఉంది.

కల్వర్టు మీదికి వచ్చేసరికి నీళ్లు దాని అంచును తాకుతున్నాయి. అవతలి వైపు నుంచి ఒక కాఫీ గోనె నడిచి వస్తోంది. గోనె కింద కృపావతి. కుడి చేయి గుప్పిట మూసి గుండెకు ఆనించుకుంది. నన్ను చూసి ఆగింది. నేనూ ఆగాను.

"నువ్విక్కడేటి సేత్తన్నావు?" అని అరిచింది. గాలిలో అరవక తప్పదు.

"వర్షమాపకం వెతుకుతున్నాను. నువ్వెక్కడికి?"

"నీ ఇంటికే! నిన్ను పిలవడానికి."

చంకలోని సంచి సర్దుకున్నాను.

"ఊరందర్నీ పిలిసినావు. నిన్నెవులు పిలిసినారు? ఎవులూ పిలవరు. నువ్వెళ్లవు. నాకు తెలీదేటి నీ సంగతి? ఆ వంటింటి కింద కూకుని సస్తావు."

ఆ మాటతో గుప్పిట విప్పింది. నిన్న వరహాలరావు కొట్లో కొన్న ఆఖరు పొట్లమట. కాగితం కరిగిపోయి, అరచేతినిండా ఎర్రటి నీళ్లు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి, తన నుదుట ఎన్నడూ బొట్టు పెట్టుకోని మనిషి.

"నువ్వు క్రైస్తవురాలివి. నేను భర్త పోయినదాన్ని. ఇది ఎవరి ఆచారం ప్రకారం?" అన్నాను.

"వాన తడిపీసీటప్పుడు నీ కులం మతం అడుగుతందేటి? నుదురిలగ పెట్టు!"

"ఆగు. ముందు నేను వచ్చాను. ముందు నేను పిలవాలి." నా బరిణె తీశాను. మూత గాలికి ఎగిరి గెడ్డలో పడింది.

"అదీ! వర్షమాపకమన్నావు?"

"అది వేరే విషయం. నిన్ను పిలిచే బాధ్యత నాది. నిన్ననే పిలవవలసింది. మోకాలు నొప్పి."

"మోకాలా? ఫిబ్రవరిలో కూడా మోకాలేనా? పెళ్లికెందుకు రానేదు?"

"నువ్వు పిలిచావా? గులాబీలు పంపావు!"

"ఆ గులాబీలు మా అల్లుడు పంపినాడు, ఊరందరికీ! నాను మూడుమాట్లొచ్చాను నీ ఇంటికి. మూడుమాట్లూ తాళం. విజయనగరం పోనావనుకున్నాను. సీరా రవికా పట్టుకుని నీ గేటు కాడ నిలబడి నిలబడి, ఆ టూరిస్టులు నన్ను రూముందా అని అడిగినారు!"

"తాళం ఉంటే ఇంట్లో లేనట్టేనా? నేను లోపల ఉన్నప్పుడు కూడా తాళం వేస్తాను!"

"లోపలుండి బయట తాళమేసుకున్న మనిషిని ఎలగ పిలవాలే, అక్కా!"

ఎనిమిది నెలల తర్వాత ఆ పదం విన్నాను. గాలి వల్ల కళ్లలో నీళ్లు వచ్చాయి.

అప్పుడు బడి వైపు నుంచి మైకు. జనరేటరు మీద సరళ గొంతు, వణుకుతూ, ఊరంతటికీ వినిపించేలా: "మేడంగారూ, కృపావతమ్మగారూ, కల్వర్టు మీద మీరిద్దరే ఉన్నారండి. ఇక్కణ్నుంచి అందరం సూస్తన్నామండి. మీరు తరవాత దెబ్బలాడుకోవచ్చండి. నీల్లొచ్చేస్తన్నాయండి. బేగి రండి!" ఇంత స్పష్టమైన హెచ్చరికను నేను ఈ వారం మొత్తంలో వినలేదు. నా శిక్షణ.

నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. ఆవిడ నా నుదుటి మీద అరచేయి మొత్తం ఆనించింది. నేను ఆవిడ నుదుటి మీద బొటనవేలు ఆనించాను. ఎవరిది ముందు అన్నది నేను ఖచ్చితంగా చెప్పగలను, నాది. ఆవిడ కాదంటోంది. చేతులు పట్టుకుని బడి వరకూ పరుగెత్తాం. నా వయసు స్త్రీ పరుగెత్తడం శోభించదు, కాని కొండ కింద నిలబడి శోభ గురించి ఆలోచించలేం.

బడి గుమ్మంలో సోంబరు ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. మా ఇద్దరి ముఖాలూ చూశాడు. కుంకుమ నీళ్లు కారి మెడల దాకా ఎర్రగా ఉన్నాయట. "ఎవరైనా కొట్టినారేటి?" అని కంగారు పడ్డాడు.

సరళ నా సంచి అందుకుంది. "మందులు, ఆధార్, టార్చి అన్నీ తెచ్చుకున్నారాండి, మీరు అందరికీ సెప్పినట్టు?" అని తెరిచి చూడబోయింది. లాక్కున్నాను. అందులో ఈ డైరీ, ఎర్ర అంచు పొందూరు చీర తప్ప ఏమీ లేవు. హడావుడిలో చేతికి అందినవి పట్టుకున్నాను.

అక్టోబరు 25

గాలి తగ్గింది. అందరూ క్షేమం. మేకలు కూడా.

ఇంటికి వెళ్లి చూశాను. వంటింట్లోకి కొంత మట్టి వచ్చింది. వంటిల్లు కనిపించడం లేదు. రాతిగోడ కూడా కనిపించడం లేదు, కాని అది మట్టి అడుగున ఎక్కడో నిలబడే ఉంటుందని నా విశ్వాసం. పడక్కుర్చీ ఉన్నచోట సిల్వర్ ఓక్ చెట్టు ఉంది.

గెడ్డ కృపావతి ఇంటి వెనక భాగాన్ని తీసుకుపోయింది. ముందు గది మిగిలింది. ఆవిడా నేనూ కల్వర్టు మీద కూర్చుని వరహాలరావు ఇచ్చిన టీ తాగాం. ఆవిడ మా ఇంటి వైపు చూసి, "గోడ బాగా కట్టించినావక్కా" అంది. ఇద్దరం ఎందుకు నవ్వామో తెలియదు, టీ ఒలికిపోయింది.

అక్టోబరు 27

ఇంకా బడిలోనే. నాది మూడో తరగతి, ఆవిడది నాలుగో తరగతి. మధ్యలో ఒక గోడ. ఒకే గదిలో ఉండమని ఆవిడ అంది. నేను ఎవరి గదిలోనూ ఉండలేనని చెప్పాను. రాత్రి ఆవిడ గురక గోడ గుండా వినిపిస్తోంది. నిద్ర బాగా పడుతోంది.

సోంబరు సభ పెట్టి, తుపాను బాగా జరిగిందని, వచ్చేసారి కూడా ఇలాగే పిలవాలని అన్నాడు. పైవీధివాళ్లు, జీపు ముందే పిలిచిందని తమ ఇళ్లను వదిలేశామని, బొట్టు పెట్టలేదని ఫిర్యాదు చేశారు.

కల్వర్టు మీద ఎవరు ఎవరిని ముందు పిలిచారన్న విషయం తేలలేదు. ఊరు రెండుగా చీలింది. సరళను సాక్ష్యం అడిగితే, వాన వల్ల సరిగా కనిపించలేదంటోంది. ఆ అమ్మాయికి మంచి భవిష్యత్తు ఉంది.

అక్టోబరు 29

తేజస్వికి ఆడపిల్ల పుట్టింది. అరకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. గోడ అవతల కృపావతి కేకలు నాకు వినిపించాయి. గుంట, గుంట అని ఒకటే అరుపు, ఇక్కడ ఆడపిల్లను అలాగే అంటారు. అందరూ నాలుగో తరగతిలోకి పరుగెత్తారు. నేను వెళ్లలేదు. నాకు ఎవరూ చెప్పలేదు కదా, గోడ చెప్పింది. గోడ చెబితే వెళ్తామా?

కొంతసేపటికి నాలుగో తరగతి తలుపు చప్పుడైంది. అడుగులు వరండాలోకి వచ్చాయి. ఈ గదికి తాళం లేదు, గడియ కూడా విరిగిపోయింది. అయినా ఆవిడ తిన్నగా లోపలికి రాలేదు. గుమ్మంలో చెప్పులు విప్పింది. కాళ్లు కడుక్కుంది. తల దువ్వుకుని, ఎక్కడ సంపాదించిందో ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. చేతిలో అరటిపండ్లు, మూత లేని నా కుంకుమ బరిణె.

నేను లేవలేదు. డైరీ మూసి, కళ్లజోడు తీసి, చాప చూపించాను. ఆవిడ కూర్చుంది. మంచినీళ్లు ఇచ్చాను. తాగింది. ఇద్దరం కాసేపు నల్లబల్ల మీద ఎవరో రాసిన రెండో ఎక్కం చదివాం.

"ఆదోరం సర్చిలో పాపకి పేరెడతన్నాం. నువ్వు తప్పకుండా రావాలి, అక్కా," అని నా చేయి పట్టుకుంది. తర్వాత నుదుట బొట్టు పెట్టింది. ఈసారి పొడిగా, చిన్నగా, నిదానంగా.

"ఆదివారమా? నాకు ఇంట్లో మట్టి తీయించే పని ఉంది. వీలు చూసుకుని వస్తాను," అన్నాను.

"సరేలే. నువ్వొచ్చీదాకా పేరెట్టరులే," అని వెళ్లిపోయింది.

అడుగులు వరండా దాటి, నాలుగో తరగతి తలుపు మూసుకునేదాకా ఆగాను. అప్పుడు సంచి తెరిచి, చీర తీసి, కిటికీ ఊచల మీద మడతలు పోయేలా ఆరవేశాను. ఎర్ర అంచు వానలో కొంచెం రంగు దిగింది. ఫరవాలేదు, ఇంకా ఎర్రగానే ఉంది.